ఎవరి చిరుత వాళ్లది

తుఫూల్ బొమ్మపిల్లను రెండు చేతులతో ఎత్తి తల్లి ఒంటె సమ్హా ముక్కు దగ్గర పెట్టింది. తోలు లోపల కూరిన ఎండుగడ్డి గరగరమంది. సమ్హా మెడ దించి మొదట వెన్ను వాసన చూసింది. తర్వాత తోక మొదలు దగ్గర ఆగింది. పిల్ల బతికున్న రోజుల్లో కూడా అక్కడే వాసన చూసి, తనదేనని తేల్చుకుని, అప్పుడు పాలు వదిలేది.

"కదిలించు. అలా కర్రలా పట్టుకుంటే ఎట్లా నమ్ముతుంది?" అన్నాడు బఖీత్.

ఆయన ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదం మోకాలికి ఆనించి, తొడ మీద గిన్నె పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆ కొండల్లో ఆడవాళ్లు పొదుగు ముట్టరు. పితకడం తండ్రి పని, పిల్లను చూపించడం కూతురి పని. పాలకోసం పిల్ల కుమ్మినట్టుగా తుఫూల్ తోలును ముందుకు తోసింది. సమ్హా గొంతులోనే సన్నగా మూలిగి, నాకడం మొదలుపెట్టింది. కాసేపటికి గిన్నెలో మొదటి ధార మోగింది.

"చేపింది," అన్నాడు బఖీత్, ఎవరితోనో చెబుతున్నట్టు.

తోలుకు గొంతు దగ్గర రంధ్రాలున్నాయి. థమ్నా అత్త పొట్టనీ కాళ్లనీ దబ్బనంతో కుట్టింది గాని వాటిని అలాగే వదిలేసింది. రోజూ రెండు పూటలా అవి సరిగ్గా తుఫూల్ బొటనవేలి కిందికే వచ్చేవి.

"నస్రా ఎప్పుడొస్తానంది?" బఖీత్ అడిగాడు.

"రేపు రావచ్చు నాన్నా."

"దూది సంగతి తేలిందంటనా?"

"వచ్చి చెబుతానంది."

"తేలడానికేముంది. నా కళ్లతో చూశాను గదా. తెల్లారేసరికి పిల్ల మీద వంగి ఉంది, మూతి ఎర్రగా. నన్ను చూసి కూడా తొందరపడకుండా లేచి వెళ్లింది, నేనేదో దాని ఇంటికి చుట్టంగా వచ్చినట్టు." గిన్నెలో నురగ పైకి వచ్చింది. "ఆఫీసువాళ్లు నాకు పాఠం చెప్పారు, చిరుత ఇంత కిందికి దిగదు బాబాయ్, మంచులో మీకు అలా కనబడి ఉంటుందీ అని. దూది చెబితే వింటారు."

ఆ దూది పుల్లలు తుఫూల్‌వే. వన్యమృగాల లెక్క తీసే ఆఫీసు, అక్కడ పనిచేసే నస్రా చేత, ఆమెకు సంచి నిండా ఇప్పించింది. పిల్ల చచ్చిన ఉదయం తండ్రే మెడ ఎత్తి పట్టుకుని గొంతు దగ్గర ఒకటి, చీలిన పొట్ట అంచున ఒకటి, కరిచినదాని ఉమ్మి అంటుకునేలా రుద్దించాడు. బాగా రుద్దు, చేతులు వణకనివ్వకు అన్నాడు. తర్వాత తోలు ఒలిచాడు. దేవుడి పేరు చెప్పి కోయని మాంసం ఇంట్లోకి రాదు గనుక మిగిలినదాన్ని తాడు కట్టి ఒక్కడే పైకి ఈడ్చుకెళ్లాడు.

గుమ్మంలో కూర్చుని నిప్పుల మీద సాంబ్రాణి వేస్తున్న థమ్నా తల ఎత్తింది. "పాలు పితికేటప్పుడు ఆ మాటలెందుకురా. తల్లి వింటుంది."

"వింటే విననీ అక్కా. దానికి మాత్రం తెలీదా ఎవరు చంపారో."

తుఫూల్ వంగి ఒంటె ముందుకాలి సందున చూసింది. గోమార్లు నెత్తురు తాగి ద్రాక్షపళ్లలా ఉబ్బి ఉన్నాయి. "మందు రాయాలి నాన్నా."

"అయిపోయింది."

"కొత్త సీసా గదా. ఖరీఫ్ వానలకు ముందే కొన్నాం."

బఖీత్ నురగ ఊది ఒక గుక్క తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "ఒలికిపోయింది," అని గిన్నె అక్కకు అందించి వెళ్లిపోయాడు.

ఆ సీసాను తుఫూల్ ఇంతకు ముందే చూసింది. ఇంటి వెనక రాతిగోడ మీద, కడిగి, బోర్లించి ఉంది. ఒలికిపోయిన మందు సీసాను ఎవరూ కడగరు.

*

పొగమంచు లోయలోంచి పైకి లేస్తుంటే మేనత్తా మేనకోడలూ గట్టు దారి పట్టారు. పెళ్లికాని పిల్ల ఒంటరిగా కొండకు వెళ్లడం బాగుండదని థమ్నా మేకల్ని వంకగా పెట్టుకుని వెంట వస్తుంది. మేకలు ముందు, ఆమె వెనక, ఆమె నోరు అన్నిటికన్నా ముందు.

"పన్నెండు దాకా చదివించాడు మీ నాన్న. దేనికయ్యా అంటే కొండమీద పెంట ఏరడానికి."

"ఏరనత్తా. పైపైన గీకి కొంచెం తీసుకుంటాను. మిగిలింది అక్కడే ఉంచాలి."

"అబ్బో, పెంటకి మర్యాదలు."

"అది చిరుత గుర్తు. మళ్లీ వచ్చినప్పుడు తన గుర్తు తనకు కనబడకపోతే గాబరా పడదూ?"

"మా మేకల పెంటిక చేనుకైనా పనికొస్తుంది. దీన్ని పట్నం పంపిస్తే అక్కడ చదువుకున్నవాళ్లంతా చుట్టూ కూర్చుని చూస్తారా? మీ నస్రా పెళ్లి కాకుండా ఎందుకుండిపోయిందో ఇప్పుడు అర్థమైంది."

తుఫూల్ నవ్వింది. ఆ నవ్వు గట్టు మలుపు దాకా నిలబడలేదు. మలుపులో, ముందుకు పొడుచుకొచ్చిన బండ కింద, వాన తడవని చోటు ఒకటుంది. థమ్నా చిరుతను ఎప్పుడూ పేరు పెట్టి పిలవదు, కొండామె అంటుంది. ఆ కొండామె అక్కడ ఆగకుండా ఆ దారిన పోదు. వెనకకాళ్లతో మట్టి గీరి, దాని మీద తన గుర్తు వదిలి వెళ్లేది. కొత్తదైతే నల్లగా తడి మెరుస్తూ ఉండేది. మలుపు ఇవతలే థమ్నా ముక్కుకు ముసుగు అడ్డం పెట్టుకుని మేకల్ని తిట్టేది.

ఇప్పుడు అక్కడ వాసన లేదు. తుఫూల్ మోకాళ్ల మీద కూర్చుంది. తొడుగులు వేసుకుంది. ఉన్నవి పాతవే, సున్నం ముద్దల్లా తెల్లబడి, వేలు తగిలితే పొడి అయ్యేవి. వాటిలో కుందేలు వెంట్రుకలు, చిన్న ఎముక ముక్కలు. గీరిన మట్టి మీద గాలి కొత్త మట్టిని పరిచేసింది. పాతదాంట్లో ఒంటి తాలూకు కణాలు చచ్చిపోతాయని, కొత్తదైతేనే అది ఫలానా మృగానిదని తేలుతుందని నస్రా మొదటి రోజే చెప్పింది. తుఫూల్ నమూనా వేసే గొట్టం మూత తీసి చూసి మళ్లీ పెట్టేసింది. అడుగున గుళికలు నారింజ రంగులోనే ఉన్నాయి. తేమ తాగితే ఆకుపచ్చగా మారాల్సినవి. పిల్ల చచ్చిన దగ్గర్నుంచీ సంచిలో ఒక్క గొట్టమూ ఆకుపచ్చ కాలేదు.

"లేదా?" థమ్నా అడిగింది.

"లేదు. పై గుహ దాకా వెళ్దాం."

"ఆ పైకి మేకలు ఎక్కవు."

"మేకలు ఎక్కడానికి ఏముందత్తా, నువ్వు ఎక్కవు గాని."

"నీ వయసులో నా మోకాళ్లు మేకలకన్నా ముందు ఎక్కేవి," అంటూనే థమ్నా ఎక్కింది.

గుహకు ఇవతల రాళ్ల మధ్య ఒక కాకి పడి ఉంది. రెక్కలు రెండూ విప్పి, నేలను కౌగిలించుకున్నట్టు. దానికి కొంచెం అవతల నక్క. నక్క కాళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి, మూతి దగ్గర గడ్డి చెదిరి ఉంది. గుహ ముందు ఈడ్చిన జాడ ఉంది గాని పిల్ల కళేబరం లేదు.

థమ్నా ఒక రాయి మీద కూర్చుంది. మేకల్ని అదిలించే కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది.

"అత్తా, ఆ సీసా..."

"నాకేం తెలీదు."

"కడిగింది నువ్వేనా?"

థమ్నా కర్ర కొనతో మట్టిని గీసింది. "మేకపిల్లలు నాకుతాయేమోనని కడిగాను. నాకు తెలిసింది అంతవరకే." తర్వాత గొంతు తగ్గించింది. "రేపు నస్రాతో చెబుతావా?"

తుఫూల్ నక్క వైపే చూస్తూ ఉండిపోయింది.

"చెబితే వాడిని తీసుకుపోతారు. చిరుతను చంపినవాడు ఎక్కడికి పోతాడో నీకు నాకన్నా బాగా తెలుసు. ఆ జీతం నువ్వు తీసుకుంటున్నావు గనక. వాడు పోతే ఆ ఒంటెల్ని ఎవరు పితుకుతారు? నువ్వా, నేనా?"

"ఆమె చచ్చిందని మనం చూడలేదు గదత్తా."

"చూడలేదు. అదే నేనూ అంటున్నాను. కాకి తింటుంది, నక్క తింటుంది. వాటికి తిండి తప్ప ఇంకో ఆలోచన లేదు. కొండామె అట్లాంటిది కాదు. మందు వాసన తగిలితే మూతి తిప్పుకుని పోతుంది."

తుఫూల్‌కు ఆ మాట కావాలి. ఒక్క గుర్తు దొరికితే చాలనుకుంది. కొత్తది ఒక్కటి, వేలెడంత. అది గొట్టంలో వేసి నస్రా చేతికిస్తే కొండామె బతికున్నట్టు, నాన్న ఏమీ చేయనట్టు. ఆ రోజు మళ్లీ కిందికి దిగేదాకా ఆమె ప్రతి బండ కింద వంగి చూసింది. మంచు తిరిగి కమ్ముకునేసరికి మోచేతులు గీసుకుపోయాయి. సంచి తేలికగానే ఉంది.

ఇంటి దగ్గర బఖీత్ తాడు పేనుతున్నాడు. ఆమె మోచేతుల వైపు చూశాడు.

"ఇక ఆ గట్టు మీదకి వెళ్లకు. జారుతుంది."

"ఎన్నేళ్లబట్టి వెళ్తున్నాను నాన్నా. ఎప్పుడూ జారలేదు."

"ఇప్పుడు జారుతుంది," అని మళ్లీ తాడు పనిలో పడిపోయాడు.

*

నస్రా వచ్చేసరికి బఖీత్ ఉతికిన తలగుడ్డ చుట్టుకుని ఉన్నాడు. ఆమె మస్కట్ మనిషి, సన్నగా, ఎండకు కమిలిన ముఖం. బురద బూట్లు గుమ్మం బయట విప్పి చాప మీద కూర్చుంది. బఖీత్ పాలగిన్నె మొదట ఆమెకే ఇచ్చాడు. ఆమె రెండు చేతులతో అందుకుని, ఆయన చూస్తుండగా సగం దాకా తాగింది. అలా తాగకపోతే ఆయన నొచ్చుకుంటాడని ఆమెకు తెలుసు.

"నురగ మీసాలు వచ్చాయి," అంది థమ్నా. "ఇట్లాగే ఉండు, ఎవడైనా మగాడనుకుని పిల్లనిస్తాడు."

"ఇస్తే చేసుకుంటానత్తా. ఇంట్లో వంట చేసేవాళ్లు లేరు."

వేడిరాళ్ల మీద కాల్చిన మేకమాంసం, అన్నం వచ్చాయి. తింటున్నంతసేపూ బఖీత్ ఏమీ అడగలేదు. ముక్కలు ఏరి ఆమె వైపు తోస్తూనే ఉన్నాడు. చేతులు కడుక్కుని టీ పోసుకున్నాక అన్నాడు. "చెప్పమ్మా. దూది ఏమంది?"

నస్రా గ్లాసు కింద పెట్టింది. "రెండు దూదులూ రెండు మాటలు చెప్పాయి బాబాయ్."

"అదేంటి?"

"పొట్ట దగ్గర రుద్దినదాంట్లో చిరుత ఉమ్మి ఉంది. మీరు చూశానన్నది నిజమే. మావాళ్లు నమ్మకపోవడం తప్పు. ఆ మాట నేను ఆఫీసులో కూడా చెప్పాను."

బఖీత్ అక్క వైపు చూశాడు. ఆయన ముఖం ఒక్క క్షణం వయసు తగ్గినట్టయింది. "చెప్పలేదూ," అన్నాడు.

"కానీ గొంతు దగ్గర ఉన్నది కుక్క ఉమ్మి."

బఖీత్ తన గ్లాసు చాప మీద పెట్టాడు.

"ఒకటి కాదు. రెండు వేరువేరు కుక్కలవి. గొంతు పట్టి చంపింది అవి. ఖరీఫ్ వానల్లో చల్లదనానికి పైకొచ్చి గుడారాలేసుకునే జనం ఎముకలు పారేసిపోతారు గదా, వాటికి అలవాటు పడిన కుక్కలు. జనం వెళ్లిపోయాక ఆకలికి ఇటు తిరిగాయి. అవి చంపి వదిలేసినదాన్ని తెల్లవారుజామున చిరుత తింటోంది. మీరు చూసింది అప్పుడు."

"దూది తప్పు చెప్పి ఉంటుంది."

"మళ్లీ చేయించాను బాబాయ్. అందుకే ఆలస్యమైంది."

"తల్లి నాకింది గదా దాన్ని. రోజూ నాకుతుంది."

"నాకకముందే తీసింది తుఫూల్. మీరే మెడ పట్టుకున్నారంట."

బఖీత్ తన చేతుల వైపు చూసుకున్నాడు. థమ్నా లేచి టీ కెటిల్ నిప్పుల మీద పెట్టింది. అప్పటికే అది వేడిగానే ఉంది.

"ఇంకో సంగతి ఉంది." నస్రా తుఫూల్ వైపు తిరిగింది. "నువ్వు ఇన్నాళ్లూ తీసినవన్నీ తేలాయి. ఈ లోయలో ఎన్ని ఉన్నాయనుకుంటున్నారు మీరంతా?"

"మా వైపు ఒకటి," తుఫూల్ నెమ్మదిగా అంది. "నీటి ఊట దగ్గర ఉండే ముసల్లమ్ మామావాళ్లకు ఒకటి. తోక వంకర ఉందంటారు. అవతలి గట్టు వాళ్లకు రెండు."

"చింతచెట్ల వాళ్లది ఒకటి," అన్నాడు బఖీత్. "అది వేరే. అది పెద్దది. ప్రభుత్వం చంపొద్దన్నాక పెరిగిపోయాయి గదా. ఎవరి మేత దగ్గర చూసినా ఒకటుంటుంది."

"అన్నీ ఒకటే బాబాయ్. ఒక్కతే ఆడది. ఈ గట్టు, ఆ గట్టు, ఊట, అన్నిచోట్లా దొరికింది ఆమెదే. ఎవరి కంట పడితే వాళ్లు తమ చిరుత అనుకున్నారు. ముసల్లమ్ మామ మేకనూ, మీ ఒంటెపిల్లనూ, చింతచెట్ల వాళ్ల దూడనూ తిన్నాయని తిట్టిన తిట్లన్నీ ఒక్కదానికే పడ్డాయి."

"ఒక్కతేనా?" బఖీత్ అడిగాడు. ఆ గొంతు తుఫూల్ ఎప్పుడూ వినలేదు.

"ఈ ఏడు ఒక పిల్ల కూడా తేలింది. ఆమె కూతురే. చివర్లో నువ్వు పంపిన గొట్టంలో ఉంది తుఫూల్, చిన్నది, నువ్వు నక్కదేమోనని పక్కన రాశావు చూడు, అది. తల్లీకూతుళ్లు తప్ప ఈ లోయ మొత్తంలో ఇంకెవరూ లేరు. పిల్లకు ఇంకా వేట రాదు. మరో ఏడాది తల్లి వెంటే తిరగాలి. తల్లి గనక ఉంటే ఇక్కడ మళ్లీ పుడతాయి. అందుకే అడుగుతున్నాను, ఈ నెల నీ గొట్టాలన్నీ ఎందుకు ఖాళీగా ఉన్నాయి?"

కెటిల్ మూత టకటకలాడింది. థమ్నా దాన్ని నిప్పుల మీద నుంచి తీయలేదు. వెనక్కి తిరగకుండా అలాగే వంగి ఉంది.

తుఫూల్ తండ్రి వైపు చూడలేదు. చాప అంచున ఊడిన ఒక పోగును చుట్టచుట్టి వేలికి బిగించింది.

"దొరకలేదక్కా," అంది.

"గట్టు మీదకి వెళ్తున్నావా?"

"వెళ్తున్నాను. వానకు కొట్టుకుపోయాయేమో."

నస్రా ఆమె ముఖం వైపు కొంచెంసేపు చూసింది. "సరే. నేను కింద రోడ్డు మలుపులో ఆఫీసు గుడారంలో ఉంటాను, ఎల్లుండి దాకా. ఏదన్నా దొరికితే అక్కడికి తీసుకురా. పిల్లదైనా సరే. తల్లికి ఏమన్నా అయితే పిల్లకు మేమే మేకలు కట్టి మేపాలి. ఎక్కడుందో తెలిస్తేనే ఆ పని చేయగలం. తెలియకపోతే ఆకలికి చచ్చిపోతుంది, మనకు ఎప్పటికీ తెలియకుండా."

ఆమె వెళ్లేటప్పుడు బఖీత్ గుమ్మం దాకా లేచి వెళ్లలేదు. ఇంటికొచ్చిన అతిథిని ఆయన అలా పంపించడం అదే మొదటిసారి.

*

సాయంత్రం పాల వేళకు ఆయన ఒంటె దగ్గరికి ఆలస్యంగా వచ్చాడు. గిన్నె పట్టుకుని నిలబడ్డాడు గాని కాలు ఎత్తలేదు. తుఫూల్ తోలును సమ్హా ముక్కుకు అందించింది. ఒంటె తోక మొదలు వెతికి వాసన చూసింది.

"వెతకొద్దమ్మా," అన్నాడు బఖీత్. "దొరకదు."

తుఫూల్ తల ఎత్తలేదు.

"నువ్వు రోజూ ఎక్కి వెళ్తుంటే చూశాను. చెబుదామనుకున్నాను. మోచేతులు గీసుకొస్తే కూడా చెప్పలేదు." ఆయన గిన్నెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మందు పోసిన మర్నాడే వెళ్లాను. గుహ ముందు పడుకుని ఉంది. దూరం నుంచి నిద్రపోతుందనుకున్నాను. అంత పెద్దదేం కాదు. చింతచెట్ల వాళ్లు చెప్పినట్టు కాదు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు."

"నాన్నా."

"ఉండు. ఇంకోటి ఉంది అక్కడ. చిన్నది. తల్లి తినేదాకా అది ముట్టదు గాబోలు, మాంసం జోలికి పోలేదు. తల్లి మెడ కింద తల దూర్చి పడుకుంది. నేను కర్రతో రాయి మీద కొట్టాను. లేవలేదు. దగ్గరికి వెళ్లాను. అప్పుడు లేచి నా వైపు చూసి, మళ్లీ తల్లి ముఖం నాకి, పైబండ మీదకి ఎక్కింది. నేను తల్లిని బండ సందులోకి లాగి రాళ్లు పేర్చినంతసేపూ అక్కడే ఉంది. మాంసం కూడా పూడ్చేశాను, అది తినకుండా. ఎందుకు పూడ్చానో తెలీదు. చంపడానికే గదా వెళ్లింది నేను."

సమ్హా మూలిగింది. పొదుగు నిండి చనులు బిగిశాయి. పాలు వాటంతట అవే బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి. ఆయన వాటిని చూస్తూ నిలబడ్డాడు.

"తప్పు చేసినదాన్ని శిక్షించానని ఇన్నాళ్లూ పడుకోగానే నిద్రపోయాను," అన్నాడు.

తుఫూల్ ఏదో చెప్పబోయింది. నేను చెప్పను నాన్నా అనబోయింది. ఎండి తెల్లబడినవే గొట్టంలో వేసి ఇస్తాను, ఎవరికీ తేలదు అనబోయింది. పైబండ మీద కూర్చున్న ఆ చిన్నది కళ్ల ముందుకు రాగానే ఆగిపోయింది. చెబితే ఈయన. చెప్పకపోతే అది.

"ఆ తోలు అత్తకివ్వు," అన్నాడు బఖీత్. "ఇలా రా."

థమ్నా వచ్చి తోలు అందుకుంది. ఆయన కూతురి భుజం పట్టి ఒంటె పక్కకు తిప్పాడు. "ఎడమ పాదం ఎత్తు. మోకాలికి ఆనించు. కింద పడవు, ఒంటెకు ఒరిగి నిలబడు." గిన్నె ఆమె తొడ మీద పెట్టాడు.

"బఖీత్," అంది థమ్నా. "ఏం చేస్తున్నావురా? చూసినవాళ్లు ఏమంటారు?"

"నువ్వు అటు తిరుగక్కా. నువ్వు చూడలేదు."

థమ్నా తోలును పట్టుకునే ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. బఖీత్ తుఫూల్ చేతిని తీసుకుని పొదుగు కింద పెట్టాడు. చను వెచ్చగా, ఆమె అనుకున్నదానికన్నా మెత్తగా ఉంది. "లాగకు. పైనుంచి మూసుకుంటూ రా. వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి." మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి సన్నటి ధార ఆమె మణికట్టు మీద పడింది. సమ్హా వెనక్కి తిరిగి చూసింది. బఖీత్ దాని మెడ మీద చేయి వేసి, పితికేటప్పుడు ఎప్పుడూ పాడే పాట కాకుండా, మాటలు లేకుండా సన్నగా గొంతు కదిలించాడు. ఒంటె మళ్లీ ముందుకు తిరిగింది.

గిన్నె సగం నిండేసరికి తుఫూల్ కాలు తిమ్మిరెక్కింది. కళ్లలోంచి కారుతున్నదాన్ని తుడుచుకోవడానికి ఆమె చేతులు ఖాళీగా లేవు.

"రేపటికి అలవాటవుతుంది," అన్నాడు ఆయన.

*

తెల్లవారి నమాజు అయ్యాక బఖీత్ బావి నీళ్లతో తల తడుపుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ తొడుక్కున్నాడు. పండగలకు తప్ప దాన్ని పెట్టెలోంచి తీయడు. థమ్నా రొట్టెలు కాలుస్తోంది. పెనం మీద ఒకటి మాడుతోంది, ఆమె చూసుకోలేదు.

"ఎక్కడికిరా?"

ఆయన గోడకున్న వెండి పిడి కత్తిని మేకు మీద నుంచి తీశాడు. నడుము పట్టీ చుట్టుకోబోయి ఆగాడు. పెళ్లికెళ్లినా, పెద్దల పంచాయితీకెళ్లినా ఆ కత్తి లేకుండా ఆయన గడప దాటింది లేదు. పట్టీని మడత పెట్టి, కత్తితో సహా మళ్లీ మేకుకు తగిలించాడు. కత్తి కాసేపు ఊగింది. దాన్ని వేలితో ఆపాడు.

"టీ తాగి వెళ్లరా," అంది థమ్నా. "ఒక్క గుక్క. నువ్వు వెళ్లకపోతే ఎవరికి తెలుస్తుంది? పిల్ల చెప్పదు. నేను చెప్పను. ఆ చిన్నదానికి దాని గతి ఎట్లా రాసి ఉంటే అట్లా అవుతుంది."

బఖీత్ అక్క తల మీద చేయి పెట్టాడు. ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆయన మెల్లగా విడిపించుకున్నాడు.

తుఫూల్ గుమ్మం పక్కన నిలబడి ఉంది. తానూ వస్తానని చెప్పడానికి చెప్పులు తొడుక్కుంది. తండ్రి ఆమె పాదాల వైపు చూశాడు, తర్వాత పాకలో కట్టేసి ఉన్న ఒంటెల వైపు చూశాడు. ఆమె చెప్పులు విప్పేసింది.

ఇంటి ముందు దారి రెండుగా చీలుతుంది. పైది కొండకు, కిందిది రోడ్డు మలుపుకు. మంచు ఇంకా విడలేదు. బఖీత్ గడప దాటి, వెనక్కి చూడకుండా, కింది దారి పట్టాడు.